కెస్సీ దిగని జలాంతర్గామి

కెస్సీ అప్పల్సామి పాతికేళ్ళు డర్బన్ రేవులో జలాంతర్గాములకు వెల్డింగు చేశాడు. ఒక్కదాని లోపలికి కూడా దిగలేదు. దిగనివ్వలేదు.

కేప్ వైపు నుంచి జలాంతర్గాములు అప్పుడప్పుడూ ఇక్కడి నేవీ వర్క్‌షాపుకి రిపేరుకొచ్చేవి. పైడెక్కు మీద విరిగిన రెయిలింగు, చుక్కాని దగ్గర పగులు, తుప్పు తిన్న బయటి తొడుగు, ఇవన్నీ ఇండియన్ల పని. లోపలికి దిగే గుండ్రటి మూత దగ్గర మాత్రం ఒక తెల్ల నావికుడు స్టూలేసుకుని కూర్చునేవాడు. లోపల దేశ రహస్యాలున్నాయట. ఉన్నాయో లేవో గాని ఆ కన్నంలోంచి డీజిల్ కంపుతో పాటు వేగుతున్న ఉల్లిపాయల వాసన వచ్చేదని కెస్సీ చెప్పేవాడు.

"సముద్రం అడుగున ఉల్లిపాయ వేయిస్తారురా గుంటడా. ఆ పొయ్యి ఎలాగుంటాదో సూడాల నాకు."

గుంటడు అంటే నేను. ఇరవై మూడేళ్ళవాణ్ణి ఇంకెవరైనా అలా పిలిస్తే ఊరుకునేవాణ్ణి కాదు. ఈయన దగ్గర ఊరుకున్నాను.

కెస్సీ మహానుభావుడని చెప్పడానికి ఇది రాయడం లేదు. వెల్డింగులో ఓ మోస్తరు పనివాడు. అతుకు గట్టిగా ఉండేది, చూడ్డానికి వంకరగా ఉండేది. నోరు పెద్దది. ఆదివారం మధ్యాహ్నం తున్నీ పేకాటలో దొంగాట ఆడేవాడు, పట్టుకుంటే ఎదుటివాడికి కళ్ళజోడు కొనుక్కోమని సలహా ఇచ్చేవాడు. పుట్టింది మౌంట్ ఎడ్జ్‌కోంబ్ చక్కెర మిల్లు బారక్స్‌లో. తాత విశాఖ జిల్లా నుంచి ఒప్పందపు వేలిముద్ర వేసి చెరకు కొట్టడానికొచ్చిన గిర్మిటి కూలీ. మిల్లు మూతపడి, బారక్స్ ఖాళీ చేయించి, ఆ నేల మీద గోల్ఫ్ ఆడేవాళ్ళకి ఇళ్ళు కడుతుంటే చూసినవాడు. నేను ఎరిగే నాటికి డర్బన్ శివార్లలో ఖర్వాస్తాన్‌లో చిన్న మేడ, ఎదర పావుకాయ, అంటే మన బొప్పాయి చెట్టు, వెనక గరాజులో వెల్డింగు మిషను, భార్య రీటా. కూతుళ్ళిద్దరికీ పెళ్ళిళ్ళయిపోయాయి.

ఆయన తెలుగు గురించి చెప్పాలి. చెప్పకపోతే జరిగింది అర్థం కాదు. ఇంట్లో ఇంగ్లీషే. రేవులో జూలూ, ఫనకలో అనే కూలీల కలగలుపు భాష. తెలుగు మిగిలింది దేవుడి దగ్గర, వంటింట్లో, తిట్లలో. అది కూడా వందేళ్ళ కిందటి ఉత్తరాంధ్ర పల్లె తెలుగు. క్రియలకి తోకలు ఊడిపోయాయి. నేను వస్తాది, నువ్వు వస్తాది, ఆళ్ళు వస్తాది, చాలాసార్లు అందరికీ అదే. 'మీరు' అనే మాట లేదు. రాష్ట్రపతి ఎదురొచ్చినా 'నువ్వు' అనేవాడు. మర్యాద లేక కాదు. బారక్స్‌లో ఒకళ్ళనొకళ్ళు 'మీరు' అనుకునేంత తేడా ఎవరి మధ్యా ఉండేది కాదు, అందుకే ఆ మాట అరిగిపోయింది.

తొంభై నాలుగులో జీవితంలో మొదటి వోటేసి వచ్చాక ఇక అన్ని మూతలూ తెరుచుకున్నట్టే అనుకున్నాడు. తీరా చూస్తే నేవీ వర్క్‌షాపు పని తగ్గించి పాతవాళ్ళని ఇంటికి పంపింది, అందులో ఈయన ఉద్యోగమూ పోయింది. ఓడలు బాగుచేసే ఒక ప్రైవేటు యార్డులో రోజుకూలీ వెల్డరుగా చేరాడు. అక్కడుండగా తెలిసింది, డర్బన్‌కి అణు జలాంతర్గామి వస్తోందని.

అప్పట్లో అదొక ఫ్యాషను. ప్రచ్ఛన్న యుద్ధం అయిపోయింది, క్షిపణులు మోసే జలాంతర్గాములకి పని పోయింది. అమెరికావాళ్ళు కొన్నింటి క్షిపణి గొట్టాలు మూసేసి కమాండోలని మోసుకెళ్ళే బళ్ళుగా మార్చారు, ఒకటి రెంటిని గట్టుకి కట్టేసి నావికులకి పాఠాలు చెప్పే బడులు చేశారు. రష్యావాళ్ళు ఆయుధాల ఒప్పందం ప్రకారం నడుమ క్షిపణులున్న భాగాన్నే కోసేసి, మిగతా రెండు ముక్కలనీ అతికి వేరే పనికి పెట్టారు. ఉద్యోగం పోయిన ఓడకి ఇంకో ఉద్యోగం చూపించడానికి ఇంతమంది ఇంజనీర్లు తల పట్టుకున్నారు. మిల్లు పోయినవాళ్ళ కోసం ఎవడూ పట్టుకోలేదు.

ఇక్కడి కొందరు డబ్బున్నవాళ్ళు కంపెనీ పెట్టి, రష్యా తూర్పు తీరంలో తుప్పు పడుతున్న అలాంటి ఓడ ఒకటి కొన్నారు. క్షిపణుల భాగం, దాని వెనక రియాక్టరు భాగం అక్కడే కోసి ఉంచేస్తారు. తలా తోకా మాత్రం ఇక్కడికి వస్తాయి. మధ్యలో కొత్తగా ఒక పొడుగాటి హాలు కట్టి రెంటికీ అతుకుతారు. అందులో రెస్టారెంటు, ముందు భాగంలో మ్యూజియం. ఆ పని మొత్తానికి సాంకేతికంగా పెద్ద మా బాబాయి, జనార్దన్.

బాబాయి అంటే మా పిన్ని భర్త. విశాఖ డాక్‌యార్డులో ఇంజనీరుగా చేశాడు. మనవాళ్ళు రష్యా నుంచి అణు జలాంతర్గామిని అద్దెకు తెచ్చుకున్నప్పుడు ఆ గట్టు మీద పనిచేశాడు. ఇక్కడ ప్రభుత్వం మారాక మంచి జీతం చూసుకుని వచ్చాడు. నేను కాకినాడలో ఇంజనీరింగు మధ్యలో మానేసి ఊరంతా తిరుగుతుంటే, ఈ దేశం చూస్తే బాగుపడతానని మా అమ్మ నన్ను ఈయనకి అంటగట్టింది. ఆయన నాకు కారు తాళాలిచ్చాడు. డ్రైవరన్న మాట. పిన్ని ముందు మాత్రం అసిస్టెంటనేవాడు.

కంపెనీ ఆఫీసు రేవు పక్కన ఒక కంటెయినరులో ఉండేది. ఓ రోజు కెస్సీ యార్డు బట్టల్లోనే తలుపు తోసుకుని వచ్చాడు. ఇక్కడ ఎవరో తెలుగాయన ఉన్నాడని విన్నాడట. ఏ ఊరని అడిగాడు. బాబాయి అనకాపల్లి దగ్గరన్నాడు. తాత కాగితంలో ఉన్న ఊరు కూడా ఆ వైపే అన్నాడు కెస్సీ. అంతే, చుట్టరికం కలిసిపోయింది.

"అయితే నువ్వు నాకు బావ అవుతాది," అని చెయ్యి చాచాడు.

ఎలా అవుతాడని బాబాయి అడగలేదు. చెయ్యి కలిపాడు గాని 'నువ్వు' దగ్గర ఆయన మొహం ముడుచుకోవడం నేను చూశాను. దారిలో కార్లో అన్నాడు కూడా, కూలీల భాషరా, మర్యాద తెలీదు, అని. వాళ్ళ భాషలో 'మీరు' లేదు బాబాయ్, అన్నాను. లేకపోతే నేర్చుకోవాలి, అన్నాడు. ఆయన ఈ దేశానికొచ్చి మూడేళ్ళయింది, జూలూలో దణ్ణం పెట్టడం కూడా నేర్చుకోలేదు.

ఆ తర్వాత కెస్సీ వారానికోసారైనా వచ్చేవాడు. ఓడ బొమ్మలు చూసేవాడు. తలా తోకా ఇవి, హాలు ఇది, అతుకులు ఇక్కడ, అని బాబాయి చూపిస్తుంటే కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చుకుని, అతుకులు వదిలేసి, తల భాగంలో వంటిల్లెక్కడని అడిగేవాడు. బాబాయి నవ్వేవాడు. నవ్వడంలో తప్పులేదు, నేనూ నవ్వాను.

చిక్కు రేవు యూనియను దగ్గరొచ్చింది. 'అటం బోటు' వస్తోందని పుకారు లేచింది. దాన్ని ముట్టుకుంటే పిల్లలు పుట్టరట, చేపలు చస్తాయట. యూనియను కార్యదర్శి ఎంఖిజే, క్రేను డ్రైవరు. తెల్లవాళ్ళ ప్రభుత్వం దిగిపోయేముందు తన అణుబాంబుల్నే విప్పి పారేసిందే, ఎవడిదో పాత విషం మనం ఎందుకు మొయ్యాలి, అని అందరి ముందూ అడిగాడు. అడిగినదాంట్లో న్యాయం ఉంది. వాళ్ళు గొలుసు పట్టుకోకపోతే ఓడ దిగదు. బాబాయి పోయి ఇంగ్లీషులో, బొమ్మలతో రెండుసార్లు వివరించాడు. ఒక్కడూ చప్పట్లు కొట్టలేదు.

అప్పుడు ఆయనకి కెస్సీ అక్కరకొచ్చాడు. కెస్సీకి వాళ్ళ భాష వచ్చు, సమ్మెల్లో వాళ్ళతో పాటు లాఠీలు తిన్నవాడు, అతని మాట వింటారు. ఈస్టరు సెలవుల్లో ఒక మధ్యాహ్నం, పిలవగా పిలవగా, బాబాయి వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాడు. నేనూ వెళ్ళాను.

రీటా అత్త పీతల కూర వండింది. చేత్తో తినమని, చొక్కాకి కారుతుందని టీ తువాళ్ళిచ్చింది. బాబాయి నిజంగానే ఇష్టంగా తిన్నాడు, మా అమ్మ చేతి పులుసులా ఉందమ్మా అన్నాడు. ఆవిడకి ఆ వాక్యం పూర్తిగా అర్థం కాలేదు, 'అమ్మ' మాత్రం అర్థమై కళ్ళు తుడుచుకుంది. తిన్నాక బాబాయి యూనియను సంగతి ఎత్తాడు. కెస్సీ తల ఊపుతూ విన్నాడు. నేను మాట్లాడతానన్నాడు. తర్వాత, అంత నోరున్న మనిషీ గొంతు తగ్గించి, తనకి కావలసింది అడిగాడు.

"బావా, ఆ అతుకు పని మీద ఫోర్‌మన్ నేను ఉంటాది. నా గ్యాంగుని తెస్తాది. మొదట లోపలికి నేను దిగుతాది. నువ్వు ఏమంటాది?"

బాబాయి తువాలుతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు.

"చూద్దాం లెండి," అన్నాడు. "మనవాళ్ళని కాదని ఎవర్ని పెట్టుకుంటాం."

కెస్సీ లేచి ఆయన్ని వాటేసుకున్నాడు. రీటా అత్తని పిలిచి, మన బావ సూద్దాం అన్నాడే, అని చెప్పాడు. ఆవిడ ఇంకో గరిటె కూర వేసింది.

తెలుగు దేశంలో పుట్టిన చిన్నపిల్లాడికి కూడా తెలుసు, పెద్దవాడు వేళ్ళు తుడుచుకుంటూ 'చూద్దాం లెండి' అంటే ఏమిటో. సైకిలడిగిన పిల్లాడికీ, ఉద్యోగం అడిగిన చుట్టానికీ ఇచ్చే మాట అది. కాదు అనడానికి నోరు రానివాళ్ళు అనే మాట. ఎదుటివాడు దణ్ణం పెట్టి వెళ్ళిపోవాలి, ఇంకోసారి అడక్కూడదు. అది మా ఒప్పందం.

మర్నాడే యార్డుకి వెళ్ళి ఆయనకి ఉన్నదున్నట్టు చెప్పాను. మామా, అది ఔను కాదు, కాదు అని చెప్పడం, అన్నాను. ఆయన ముసుగు పైకెత్తి నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏటిరా మాటాడతావు. మా అవ్వ సూద్దాం అంటే సెయ్యి పట్టుకుని తీసుకుపోయేది. సర్కసొచ్చినాది, సూద్దాం అంది. సూసినాం. సముద్రం సూద్దాం అంది. బండెక్కించి సూపించింది. సూద్దాం అంటే సూసేదే. నువ్వు కాలేజీ మానేసినావు కదా, తెలుగు కూడా అక్కడే వదిలేసినావా?"

చుట్టూ ఉన్నవాళ్ళు అర్థం కాకపోయినా నవ్వారు. ముసుగు దించుకుని మళ్ళీ మంట అంటించాడు.

ఆయనన్నదే వ్యాకరణం. 'చూద్దాం' అంటే నువ్వూ నేనూ కలిసి చూడటం. ఆ మాటలోంచి ఎదుటివాణ్ణి తీసేసింది మనం. ఎప్పుడు తీసేశామో నాకు తెలీదు. ఆ కూలీలు ఓడెక్కాకే అయ్యుంటుంది.

బాబాయికీ చెప్పాను. కెస్సీ మామ ఫోర్‌మన్ తనే అనుకుంటున్నాడు, కాదని ఇప్పుడే చెప్పెయ్యండి, అన్నాను. బాబాయి కారు అద్దం దించి బయటికి చూస్తూ, "అనుకోనీరా. ముందు ఓడ రానీ," అన్నాడు. కెస్సీ తప్పుగా అర్థం చేసుకున్నాడని ఆయనకి తెలుసు. ఆ తప్పు తనకి పనికొస్తుందనీ తెలుసు.

యూనియను మీటింగు రేవు క్యాంటీనులో జరిగింది. కరపత్రాల పెట్టె మోసుకుని నేనూ వెళ్ళాను. కెస్సీ బల్ల ఎక్కి జూలూలో మాట్లాడాడు, పక్కవాడు నాకు ఇంగ్లీషులో చెప్పాడు. వచ్చేది ఖాళీ డబ్బా, విషం ఉన్న ముక్క రష్యాలోనే ఉండిపోయింది, అన్నాడు. మా బావ ప్రాణమున్న అణు ఓడ పక్కన మూడేళ్ళు పనిచేశాడు, ఆయనకి ఇద్దరు పిల్లలు, ఇద్దరికీ రెండేసి చెవులే ఉన్నాయి, అన్నాడు. నవ్వులు లేచాయి. ఆ నవ్వు తగ్గకుండానే ముగించాడు. ఆ ఓడ మీద ఫోర్‌మన్‌ని నేను. నాకంటే ముందు ఎవడూ లోపలికి దిగడు. విషముంటే మొదట నన్ను తింటుంది. మీకు పనిచ్చేదీ నేనే.

ఎంఖిజే ఒక్కటే అడిగాడు, ఫోర్‌మన్ అని ఎవరు చెప్పారని.

మా ఇంటి మనిషి చెప్పాడు, మా భాషలో చెప్పాడు, అన్నాడు కెస్సీ.

చేతులు లేచాయి. ఓడ రావచ్చన్నారు.

బయటికొచ్చాక ఇంకోసారి చెప్పబోయాను. ఆయన నా నోటికి అరచెయ్యి అడ్డం పెట్టి, ఈ రోజు వద్దు, అన్నాడు. ఆ చెయ్యి ఇనుము వాసన వేసింది. ఒకవేళ లోపల ఆయనకీ అనుమానం ఉందేమో. అడగలేదు.

ఓడ వచ్చిన రోజు డర్బన్ సగం రేవు మొగ దగ్గరే ఉంది. ఓడల్ని మోసే పెద్ద ఓడ మీద రెండు నల్లటి ముక్కలు. ఒకటి గుండ్రటి తల, ఒకటి రెక్కలున్న తోక. కోసిన చోట ఇనప పలకలు అడ్డం పెట్టి మూశారు. మనుషుల్ని లక్షల్లో చంపడానికి కట్టినదాన్ని చేపల బండి మీద చేపలా తెచ్చారు. కెస్సీ కుటుంబం ఐస్‌క్రీం డబ్బాల్లో బిర్యానీ కట్టుకుని వచ్చింది. మనవరాలు దాని కళ్ళెక్కడని అడిగింది. ఈయన దానికి కళ్ళుండవు, చెవులతో చూస్తుంది, అని చెప్పి, పక్కనున్న అపరిచితులక్కూడా, నేనే ఫోర్‌మన్ని, అని చెప్పుకున్నాడు. ఒకాయన ఫొటో తీశాడు.

సోమవారం పొద్దున్నే ఇస్త్రీ చేసిన ఓవరాలు వేసుకుని, గ్యాంగుని వెంటపెట్టుకుని డాకు గేటు దగ్గరికొచ్చాడు. గ్యాంగులో సగం మిల్లు పోయినవాళ్ళు, సగం ఎంఖిజే మనుషులు. నేను బాబాయిని దింపి అక్కడే ఉన్నాను. తల భాగం మూత దగ్గర, నిచ్చెన మీద, తెల్ల హెల్మెట్టుతో ఒక ముసలి తెల్లాయన నిలబడి ఉన్నాడు. పేరు ఫ్రాంక్. నేవీ జలాంతర్గాముల్లో పనిచేసి రిటైరయ్యాడు. మంచివాడు, అది కూడా రాయాలి. కిందికి దిగొచ్చి కెస్సీతో చెయ్యి కలిపాడు. నేను ఇక్కడ ఫోర్‌మన్ని, మీరు బయటి తొడుగు గ్యాంగు కదా, మీ గురించి జనార్దన్ చాలా బాగా చెప్పాడు, అన్నాడు.

కెస్సీ ఏదో పొరపాటు జరిగిందన్నట్టు నవ్వాడు. ఎప్పుడు చేరావని అడిగాడు.

పోయిన క్రిస్మస్‌కి ముందే ఒప్పందమైపోయిందని ఫ్రాంక్ చెప్పాడు. ఏ దురుద్దేశమూ లేకుండా, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు.

క్రిస్మస్‌కి ముందు. మా బాబాయి వాళ్ళింట్లో పీతల కూర తిన్నది ఈస్టరుకి. నాక్కూడా అప్పుడే తెలిసింది. అప్పటిదాకా ఆయన కాదనడానికి మొహమాటపడుతున్నాడనుకున్నాను గాని, ఇంకొకర్ని పెట్టేసుకున్నాడనుకోలేదు. తేల్చేసి కూర్చుని, వేళ్ళు తుడుచుకున్నాడు.

కెస్సీ కంటెయినరు తలుపు తట్టి లోపలికి వెళ్ళాడు. అంతకు ముందెప్పుడూ తట్టలేదు. నేను వెనకే వెళ్ళాను. బాబాయి నన్ను పొమ్మన్నట్టు చూశాడు, పోలేదు.

బాబాయి చాలా మర్యాదగానే మాట్లాడాడు. ఫోర్‌మన్‌కి జలాంతర్గామిలో పనిచేసిన అనుభవం ఉండాలని ఇన్సూరెన్సువాళ్ళు అడిగారన్నాడు. తన చేతిలో ఏం లేదన్నాడు.

"నా తోలుకి ఆ నౌకరీ ఈ దేశంలో ఎవరు ఇచ్చేది, బావా?"

బాబాయి ఓడ బొమ్మలు ముందుకు లాక్కున్నాడు. బయటి తొడుగు గోకే పని మీద మీరే పెద్ద, అది ఖాయం చేశాను, అన్నాడు. దయ చూపిస్తున్నట్టే అన్నాడు. మళ్ళీ బయటే. ఈసారి బయట ఉంచింది తెల్లవాడు కాదు.

"నువ్వు నాకు మాట ఇచ్చినావు."

"నేనెప్పుడిచ్చానండీ? చూద్దాం అన్నాను."

"సూద్దాం అంటే నువ్వూ నేనూ సూసేది. నువ్వొక్కడివే సూసేది కాదు."

బాబాయి నాకేసి తిరిగి, వీడికి నువ్వు చెప్పరా, అన్నట్టు చెయ్యి తిప్పాడు. ఆయన చెప్పేదే నిజం బాబాయ్, అన్నాను. ఆ సాయంత్రం నా డ్రైవరు ఉద్యోగం ఊడింది, అది పెద్ద విషయం కాదు.

కెస్సీ బయటికి నడిచాడు. అక్కణ్ణించి నేరుగా ఎంఖిజే దగ్గరికి వెళ్ళాడు. ఎంఖిజే క్రేను పక్కన టీ తాగుతున్నాడు. జరిగింది చెప్పి పని ఆపమని అడిగాడు. ఒక్క పూట ఆపితే చాలు, కంపెనీ దారికొస్తుంది. ఈ రేవులో వీళ్ళిద్దరూ కలిసి ఇంతకంటే చిన్న విషయాలకి పని ఆపినవాళ్ళే.

ఎంఖిజే గేటు వైపు చూశాడు. గ్యాంగువాళ్ళు అప్పటికే గోకుడు బ్రష్షులు తీసుకుని లోపలికి పోతున్నారు. మిల్లు పోయినవాళ్ళు కూడా. చాలా కాలానికి దొరికిన పని. ఒకళ్ళిద్దరు కెస్సీని చూసి చెయ్యి ఊపారు.

"మీ ఇంటి మనిషన్నావు," అన్నాడు ఎంఖిజే. "మీ భాషలో చెప్పాడన్నావు. మీ ఇంటి తగువు మీ ఇంట్లోనే తేల్చుకో, కెస్సీ."

అందులో వెటకారం లేదు. తన టీ సగం కెస్సీకి ఇచ్చాడు కూడా. కెస్సీ ఆ కప్పు అందుకున్నాడు. తాగలేదు. దాన్ని క్రేను మెట్టు మీద పెట్టి, ఇస్త్రీ ఓవరాలులోనే ఇంటికి నడిచి వెళ్ళిపోయాడు. రేవు నుంచి ఖర్వాస్తాన్ నడిచే దూరం కాదు. నేను పక్కన కొంత దూరం నడిచాను. ఒక చోట ఆగి, ఇంగ్లీషులో, నువ్వు వెనక్కి పో, అన్నాడు.

ఇప్పుడు ఎస్ట్‌కోర్ట్‌లో ఉన్నాడు. పెద్దల్లుడికి అక్కడ హార్డ్‌వేర్ దుకాణం ఉంది. దాని వెనక షెడ్డులో ట్రెయిలర్లు, గేట్లు, రైతుల నీళ్ళ ట్యాంకులు అతుకుతాడు. సముద్రానికి అంత దూరం ఎందుకు పోయాడని రీటా అత్త చెల్లెలు అడుగుతుంది గాని, ఎవరూ సరిగ్గా చెప్పరు. డర్బన్‌లో ఆయన ముఖం చాటేసింది మా బాబాయి నుంచి కాదు. ఫొటో తీసినాయన నుంచి, పావుకాయ చెట్టు కింద పేకాడే నేస్తాల నుంచి, ఏమయిందోయ్ ఫోర్‌మన్, అని పలకరించే ప్రతివాడి నుంచీ. అబద్ధం చెప్పింది ఆయన కాదు. అబద్ధాలకోరుగా మిగిలింది ఆయన.

రెస్టారెంటు తెరవడానికి ముందు, కెస్సీ ఇంకా డర్బన్ వదలకుండానే, మా బాబాయి ఒక పని చేశాడు. సిగ్గుపడి చేశాడో, ఫొటోల్లో ఇక్కడి తెలుగువాళ్ళు కూడా కనపడాలని చేశాడో నాకు తెలీదు, రెండూ అయ్యుండచ్చు. కెస్సీకి ఆహ్వానం పట్టుకుని ఖర్వాస్తాన్ బయల్దేరాడు. దారి నాకే తెలుసు గనక, నన్ను మళ్ళీ బతిమాలి కారు తోలించాడు. వెనక సీట్లో లడ్డూల పెట్టె.

ఇంటి ముందు బక్కీలో, అంటే చిన్న ట్రక్కులో, సామాను ఎక్కిస్తున్నారు. కెస్సీ వెల్డింగు మిషనుకి తాడు కడుతున్నాడు. గేటు మూసే ఉంది. బాబాయి ఈవల నిలబడి, నేను అంతకు ముందు ఆయన నోట ఎన్నడూ వినని తెలుగు మాట్లాడాడు. బావా అన్నాడు. మనసులో పెట్టుకోవద్దన్నాడు. లోపలికి దిగడానికి మొదటి రిబ్బను నీ చేతే కోయిస్తానన్నాడు. వంటిల్లు అలాగే ఉంచాం, రష్యావాళ్ళ పొయ్యి కూడా ఉంది, వచ్చి చూడు, అన్నాడు. 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. పని మీద వచ్చింది.

కెస్సీ తాడు ముడి బిగించాడు. గేటు దగ్గరికొచ్చాడు గాని గొళ్ళెం మీద చెయ్యి వెయ్యలేదు.

"గుడాఫ్టర్నూన్, మిస్టర్ జనార్దన్," అన్నాడు. "సారీ, ఐ డోంట్ ఫాలో."

బాబాయి అదే మాట ఇంకాస్త నెమ్మదిగా, చెవిటివాడికి చెప్పినట్టు తెలుగులోనే మళ్ళీ చెప్పాడు. కెస్సీ చివరిదాకా మర్యాదగా విన్నాడు. అదే జవాబు చెప్పాడు. నేను మామా అన్నాను. నాకేసి చూశాడు, బావున్నావా అన్నట్టు తలాడించాడు, అంతే. రీటా అత్త గుమ్మంలోంచి కనపడి, లోపలికి వెళ్ళిపోయింది.

లడ్డూల పెట్టె గేటు ఊచల్లోంచి పట్టదు. బాబాయి దాన్ని గోడ మీద పెట్టి, మళ్ళీ తీసుకుని, కారెక్కాడు. మలుపు తిరిగాం.

"అసలు వీళ్ళకి తెలుగు ఎప్పుడో పోయిందిరా," అన్నాడు.

"మొన్నటిదాకా ఉంది, బాబాయ్," అన్నాను.